బండి కడగడం కూడా ఒక విద్యే

ఒకప్పుడు మన ఊళ్లలో బండి కడగాలంటే చెరువు గట్టుకో, బోరింగు దగ్గరకో తీసుకెళ్లి బకెట్టు నీళ్లతో, పాత గుడ్డతో పని ముగించేవారు. ఇప్పుడు మండల కేంద్రాల్లోనే కాదు, పెద్ద గ్రామాల్లో కూడా వాటర్ సర్వీసింగ్ షాపులు వెలిశాయి. గన్ను నొక్కితే చాలు, వారం రోజుల పొలం బురద పది నిమిషాల్లో వదిలిపోతుంది. అయితే తెలియకుండా వాడితే అదే నీటి ధార బండి ఆయుష్షును తగ్గిస్తుంది. ఒక్కోసారి మనిషికే ముప్పు తెస్తుంది.

హాస్టల్ సంచికలో ఈ విషయం ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన ఇళ్లలో బండి షోకు కోసం కొన్నది కాదు. నాన్న తాపీ పనికి వెళ్లాలన్నా, అన్న పార్సిళ్లు చేరవేయాలన్నా అదే ఆధారం. వాయిదాలు తీరకముందే బేరింగులు పోతే రెండు మూడు రోజుల కూలి మెకానిక్ చేతిలో పెట్టాలి. ఇక సెలవుల్లో సర్వీసింగ్ షాపుల్లో పనిచేసి పుస్తకాల ఖర్చులు వెళ్లదీసుకున్న వాళ్లం మాలోనూ ఉన్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. చదివిన నాలుగు ముక్కలు ఇంటి ముందున్న బండికైనా ఉపయోగపడాలి కదా!

నీటికి అంత బలం ఎక్కడిది?

ఒత్తిడి అంటే వైశాల్యం మీద పనిచేసే బలం అని హైస్కూల్లో చదువుకున్నాం. మోటారు పంపు నీటిని బలంగా నెట్టి, సన్నని నాజిల్ గుండా బయటకు పంపుతుంది. బండి టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు, అంటే 28 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. ఇళ్లలో వాడే చిన్న ప్రెషర్ వాషర్లే 100 బార్ల వరకు ఇస్తాయి. ఇది టైరు ఒత్తిడికి యాభై రెట్లు. చదరపు సెంటీమీటరు మీద వంద కిలోల బరువు పెట్టినట్టన్నమాట.

బండి భాగాలకు కంపెనీవాళ్లు రబ్బరు సీళ్లు అమర్చేది వాన నీటిని, రోడ్డు మీది చిందులను ఆపడానికి. గన్ను ధారను ఆపడానికి కాదు. దగ్గర నుంచి కొడితే నీరు సీలు అంచును తోసుకుని లోపలికి పోతుంది, గ్రీజును కడిగేస్తుంది. ఆ రోజు బండి తళతళలాడుతుంది. కొన్ని వారాల తర్వాత చక్రం నుంచి గరగరమనే శబ్దం మొదలవుతుంది. కారణం ఆ రోజు కొట్టిన నీళ్లేనని ఎవరికీ తట్టదు.

కడిగే ముందు

బండి తిరిగి వచ్చిన వెంటనే కడగకూడదు. ఇంజను, సైలెన్సరు చల్లబడటానికి కనీసం అరగంట ఆగాలి. వేడి లోహం మీద ఒక్కసారిగా చన్నీళ్లు పడితే సాగిన లోహం హఠాత్తుగా కుంచించుకుంటుంది, పూత దెబ్బతింటుంది. పైగా వేడెక్కిన భాగం చల్లబడేటప్పుడు లోపలి గాలి తగ్గి, బయటి నీటిని సీళ్ల సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది.

తాళం తీసి, బండిని చదునైన చోట సెంటర్ స్టాండు మీద నీడలో నిలపాలి. సైలెన్సరు చివరకు ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేయాలి. తాళం రంధ్రం మీద టేపు అంటించాలి. పెట్రోలు ట్యాంకు మూత గట్టిగా పడిందో లేదో చూడాలి.

కడిగే పద్ధతి

ముందుగా మామూలు నీటితో బండంతా తడిపి, ఎండిన మట్టిని నాననివ్వాలి. ఇసుక రేణువులు ఉండగానే గుడ్డతో రుద్దితే పెయింటు మీద గీతలు పడతాయి. తర్వాత వాహనాల షాంపూను పై నుంచి కిందికి పట్టించాలి. బట్టల సబ్బుపొడి పెయింటు మెరుపును తగ్గిస్తుంది. సబ్బు ఎండిపోకముందే కడిగేయాలి.

గన్నును బండికి మూడు నాలుగు అడుగుల దూరంలో మొదలుపెట్టాలి. బురద వదలకపోతే కొద్దిగా దగ్గరకు జరగవచ్చు గానీ, రెండడుగుల కన్నా దగ్గరకు వెళ్లకూడదు. ధార విసనకర్రలా విచ్చుకునే నాజిల్ వాడాలి. కొన్ని యంత్రాలకు రంగుల నాజిళ్లు వస్తాయి. వాటిలో ఎరుపుది సున్నా డిగ్రీలది, సూదిలాంటి ధార. దాన్ని బండి మీద అసలు వాడవద్దు. తెలుపుది 40 డిగ్రీలది, మనకు అనువైనది. ధారను ఒకేచోట నిలపకుండా కదుపుతూ ఉండాలి.

మడ్‌గార్డుల అడుగు భాగం, టైర్లు, ఫుట్‌రెస్టులు, ఇంజను కింద పేరుకున్న బురద - వీటికే గన్ను బాగా ఉపయోగం.

గన్ను గురిపెట్టకూడని చోట్లు

1. చక్రాల మధ్యభాగం, హ్యాండిల్ కింది కోన్‌సెట్టు. బేరింగులు ఉండేది ఇక్కడే.

2. చైను. దీన్ని బ్రష్షుతో, గుడ్డతో తుడవాలి.

3. ముందు షాకబ్జార్బర్ల ఆయిల్ సీళ్లు, బ్రేకు క్యాలిపర్లు.

4. స్పీడోమీటరు, స్విచ్చులు, హెడ్‌లైటు, బ్యాటరీ పెట్టె, ప్లగ్ క్యాప్.

5. ఎయిర్ ఫిల్టరు వైపు. నీరు చేరితే బండి స్టార్టు కాదు.

6. రేడియేటరు ఉన్న బండ్లలో దాని పలుచని రేకులు. అవి వంగిపోతాయి.

7. స్టిక్కర్లు, సీటు కుట్లు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక కొత్త బండ్లలో సెన్సార్లు, వైర్ల సాకెట్లు బాగా పెరిగాయి. ఏబీఎస్ ఉన్న బండ్లలో చక్రం దగ్గరే ఒక సెన్సారు ఉంటుంది. కనుక పాత బండి కన్నా కొత్త బండికే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఎలక్ట్రిక్ బండ్లకు 'ఐపీ 67' అని రాసి ఉంటే ఏ నీరైనా ఫరవాలేదని కొందరు అనుకుంటారు. అందులోని 7 అంకె మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా తట్టుకుంటుందని చెబుతుంది. గన్ను ధారకు వేరే పరీక్ష ఉంది. వాటిని తడిగుడ్డతో తుడవడమే మేలు.

మెరుపు కోసం డీజిల్ కొట్టించే అలవాటు కూడా మానుకోవాలి. డీజిల్ రబ్బరును పాడుచేస్తుంది. డిస్కు మీద పడితే బ్రేకు పట్టు తప్పుతుంది. టైరు నేలను తాకే భాగానికి, సీటుకు పాలిష్ పూస్తే జారుతుంది.

కడిగిన తర్వాత

పొడి గుడ్డతో తుడిచి, కవరు, టేపు తీసేసి, ఇంజనును కాసేపు నడపాలి. రోడ్డు ఎక్కే ముందు మెల్లగా నడుపుతూ రెండు బ్రేకులను నాలుగైదుసార్లు నొక్కాలి. తడి బ్రేకు, ముఖ్యంగా డ్రమ్ము బ్రేకు, మొదట్లో సరిగా పట్టదు. కడిగిన వెంటనే వేగంగా వెళ్లడం ప్రమాదకరం. చైను ఆరాక ఆయిలు వేయాలి. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ వేయాలి. ఇంజను నడుస్తుండగా గేరులో పెట్టి చైను తుడిస్తే వేళ్లు స్ప్రాకెట్‌లో పడి తెగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం మనిషి

గన్ను పట్టుకునే తమ్ముళ్లు ఈ మాటలు మనసులో పెట్టుకోవాలి. గన్నును సరదాకైనా మనిషి వైపు, సొంత కాలి వైపు చూపకూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చి మురికి నీటిని లోపలికి ఎక్కించగలదు. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా లోపల కండ దెబ్బతింటుంది. నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ గన్ను తగిలిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. కళ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు తప్పనిసరి.

రెండోది కరెంటు. నీళ్లలో నిలబడి మోటారుతో పనిచేస్తున్నాం. మోటారుకు ఎర్తింగు ఉండాలి, మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే కరెంటు లీకైన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. టేపు చుట్టిన అతుకుల వైరు తడి నేల మీద ఉంటే ఆ షాపులో గన్ను పట్టుకోవద్దు. తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోవద్దు. మోటారు ఆపిన తర్వాత కూడా గన్ను నొక్కి, గొట్టంలో మిగిలిన ఒత్తిడిని వదిలేయాలి.

బూట్లు, ఎర్తింగు అడిగితే యజమాని పని నుంచి తీసేస్తాడేమోనని భయం ఉంటుంది. ఒక్కరు అడిగితే కసురుకుంటారు, పనివాళ్లందరూ కలిసి అడిగితే వింటారు. స్కూలు చదివే తమ్ముళ్లు మాత్రం ఈ పనికి అసలు వెళ్లవద్దు. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలు బండి కడిగించుకునేటప్పుడు, కడిగే కుర్రాడి కాళ్లకు బూట్లున్నాయో లేదో ఒకసారి చూడండి. లేకపోతే యజమానిని అడగండి. కస్టమరు అడిగితే ఆ మాటకు విలువ ఉంటుంది.