వైశాల్యానికి వయసు రాదు

రాజాం నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఆయన దగ్గర నికాన్ డీ7000 ఉంది. జాతర రాత్రుల్లో తప్పెటగుళ్ల బృందాలను ఫోటోలు తీస్తారు. ఉండేది ట్యూబులైట్ల వెలుగు. ఛాతీకి తప్పెట కట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి గాల్లోకి ఎగిరే మనుషులు. ఐఎస్ఓ 3200 పెడితే గానీ షట్టర్ వేగం చాలదు. పెడితే నల్లటి ఒంటి మీద, నీడల మీద గ్రెయిన్స్ వచ్చేస్తాయి. విశాఖపట్నంలో ఒకరు డీ700 అమ్ముతున్నారట. అది 2008లో వచ్చిన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా. ఈయన కెమెరా 2010లో వచ్చింది. దానికి 12 మెగాపిక్సెళ్లు, దీనికి 16. రెండేళ్లు పాతదీ, మెగాపిక్సెళ్లు తక్కువదీ అయిన కెమెరాను డబ్బు పెట్టి కొనడంలో అర్థముందా అని ఆయన సందేహం.

ఉంది. అయితే ఆ ఒక్క మాటతో ఉత్తరం మడిచి పెట్టేయడానికి మనసొప్పలేదు. ఈ చిన్న బేరం వెనక భౌతికశాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఒకటి ఉంది.

ముందు కొలతలు. జర్మనీలో వెట్జ్‌లార్ ఊళ్లోని లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఇంజనీరు సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేములంత జాగాను ఒక్క ఫోటోకి వాడాడు. అది 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు. ఆ కెమెరా 1925లో లైకా పేరుతో అమ్మకానికి వచ్చింది. మనం ఫుల్‌ఫ్రేమ్ అనేది ఆ కొలతనే. డిజిటల్ వచ్చాక అంత పెద్ద సిలికాన్ చిప్పు తయారీ చాలా ఖరీదైంది. చిప్పు పెద్దదయ్యేకొద్దీ ఒక పలకలో తక్కువ ముక్కలు వస్తాయి, లోపం తగిలి పాడయ్యేవి ఎక్కువవుతాయి. అందుకని కంపెనీలు చిన్న చిప్పులతో సరిపెట్టాయి. నికాన్ 1999లో తెచ్చిన డీ1 నుంచి 2007లో డీ3 వచ్చేదాకా తన డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లన్నిటినీ ఈ చిన్న సెన్సర్‌తోనే చేసింది. డీ7000లో ఉన్నది దాదాపు అదే కొలత, 23.6 × 15.6 మి.మీ. దీన్నే క్రాప్ సెన్సర్ అంటారు. వైశాల్యాలు లెక్కేస్తే ఫుల్‌ఫ్రేమ్ 864 చదరపు మి.మీ., క్రాప్ 368. అంటే 2.35 రెట్లు. ఈ 2.35ను గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. గ్రెయిన్స్ ఎక్కణ్ణుంచి వస్తాయి? ఐఎస్ఓ పెంచితే వస్తాయని స్టూడియోల్లో అందరూ చెబుతారు. అది పొరపాటు. ఐఎస్ఓ అంటే సెన్సర్ పట్టిన సంకేతాన్ని ఎంత హెచ్చించాలో చెప్పే అంకె మాత్రమే. గరుకుదనం అంతకుముందే, వెలుతురు సెన్సర్ మీద పడేటప్పుడే ఉంది. ఐఎస్ఓ పెంచాల్సి వచ్చిందంటేనే వెలుతురు తక్కువగా అందిందని అర్థం. వెలుతురు తక్కువైతే దాని గరుకు బయటపడుతుంది.

వెలుతురుకు గరుకేమిటి? అది అవిచ్ఛిన్నంగా ప్రవహించదు, గింజలు గింజలుగా వస్తుంది. ఈ మాట 1905లో ఐన్‌స్టీన్ అన్నప్పుడు పెద్దవాళ్లెవరూ నమ్మలేదు. గట్టిగా నమ్మనివాళ్లలో ఒకడు అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ మిలికన్. ఇది తప్పని రుజువు చేద్దామని ఆయన ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. లోహం మీద వెలుతురు పడితే ఎలక్ట్రాన్లు ఎంత శక్తితో బయటికొస్తాయో శూన్యంలో, ఎప్పటికప్పుడు గీకి శుభ్రం చేసిన లోహపు ముఖాల మీద కొలిచాడు. 1916 నాటికి వచ్చిన ఫలితాలు ఐన్‌స్టీన్ సమీకరణం మీద గీత గీసినట్టు కూర్చున్నాయి. అప్పుడైనా ఆయన సమీకరణాన్ని ఒప్పుకున్నాడే తప్ప వెలుతురు గింజల ఊహను ఒప్పుకోలేదు. దానికి అడ్డం తిరిగి చేసిన ఆ ప్రయోగానికీ, ఎలక్ట్రాన్ ఆవేశాన్ని కొలిచినందుకూ కలిపి 1923లో ఆయనకు నోబెల్ వచ్చింది. తన నమ్మకానికి ఎదురు తిరిగిన అంకెలను ఉన్నవున్నట్టు అచ్చు వేసిన మనిషి అంటే నాకు గొప్ప గౌరవం. కెమెరా సెన్సర్‌లోని ప్రతి గడీ చేసే పని, లోహం మీద వెలుతురు పడి ఎలక్ట్రాన్ బయటికొచ్చే ఆ ప్రక్రియ కుటుంబానిదే. ఫోటాన్ పడుతుంది, సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్ విడివడుతుంది, గడి దాన్ని దాచి లెక్క చెబుతుంది.

ఆ గింజలు క్రమశిక్షణతో వరసలో రావు. కళ్లంలో ధాన్యం మీద టార్పాలిన్ కప్పగానే తొలి చినుకులు పడటం చూసినవాళ్లకు ఇది తెలుసు. వాన అంతటా ఒకేలా పడుతున్నా, టార్పాలిన్‌ను జానెడు జానెడు గడులుగా ఊహించి లెక్కపెడితే ఒక గడిలో నాలుగు చుక్కలుంటాయి, పక్కదాంట్లో ఏడు, ఆ పక్కన రెండే. వాన జోరందుకుని గడికి వేల చుక్కలు పడ్డాక ఆ తేడా కంటికి ఆనదు. మొదటి చినుకులప్పుడు మాత్రం టార్పాలిన్ మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఆ మచ్చలే మీ ఫోటోలో గ్రెయిన్స్.

ఈ హెచ్చుతగ్గులకు ఒక కచ్చితమైన నియమం ఉంది. ఫ్రెంచ్ గణితవేత్త ప్వాసోఁ 1837లో అచ్చువేసిన పుస్తకంలో దాని మూలం ఉంది. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్నగా చనిపోయిన సైనికుల లెక్కలు తీసి, అవి కూడా ఈ నియమాన్నే పాటిస్తున్నాయని చూపించాడు. 1918లో వాల్టర్ షాట్కీ రేడియో వాల్వుల్లో ఎలక్ట్రాన్ల సవ్వడిలో దీన్నే పట్టుకున్నాడు. గుర్రం తాపులకూ, వాల్వులో కరెంటుకూ, పెట్రోమాక్స్ వెలుతురుకూ ఒకే గణితం! నియమం ఇంతే: సగటున ఎన్ని పడతాయో, హెచ్చుతగ్గులు దాని వర్గమూలమంత. వంద ఫోటాన్లు పడాల్సిన చోట పది అటూ ఇటూ. అంటే నూటికి పది పాళ్ల గరుకు. పదివేలు పడే చోట వంద అటూ ఇటూ, నూటికి ఒక్క పాలే. వెలుతురు వంద రెట్లయితే గరుకు పదో వంతవుతుంది. 1940లలో ఆర్‌సీఏ కంపెనీలో టెలివిజన్ గొట్టాల మీద పనిచేసిన ఆల్బర్ట్ రోజ్ దీన్ని మనిషి కంటికి అన్వయించాడు. ఒక వివరాన్ని నమ్మకంగా గుర్తుపట్టాలంటే సంకేతం ఆ హెచ్చుతగ్గులకు దాదాపు ఐదు రెట్లుండాలని తేల్చాడు. ఐఎస్ఓ 3200 దగ్గర తీసిన ఫోటోలో నీడ భాగాల గడులకు అందే ఫోటాన్లు పదుల్లో ఉంటాయి. ఆ రాజాం పాఠకుడు తీసే ఫోటోలు సరిగ్గా ఈ గట్టు మీద నిలబడి ఉన్నాయి.

2.35 ఇక్కడ పనికొస్తుంది. అదే ఎపర్చర్, అదే షట్టర్, అదే దృశ్యం. క్రాప్ సెన్సర్ మీద తప్పెట పడిన చోట వంద ఫోటాన్లు వస్తే, అదే తప్పెట బొమ్మ ఫుల్‌ఫ్రేమ్ మీద పెద్దగా పడుతుంది కనక 235 వస్తాయి. హెచ్చుతగ్గులు వర్గమూలం చొప్పున పది నుంచి 15.3కి పెరుగుతాయి. సంకేతాన్ని దీనితో భాగిస్తే మొదటిదానికి 10, రెండోదానికి 15.3. అంటే 1.53 రెట్లు శుభ్రం. ఆ అంకె ఎక్కడో చూసినట్టు లేదూ? ఫోటోగ్రాఫర్లు వాడే క్రాప్ ఫ్యాక్టర్ అదే! వైశాల్యం క్రాప్ ఫ్యాక్టర్ వర్గం, నునుపు వైశాల్యపు వర్గమూలం. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మళ్లీ క్రాప్ ఫ్యాక్టరే మిగులుతుంది. లెన్సు ఎంత దూరం లాగుతుందో లెక్కేయడానికి మాత్రమే అందరూ వాడే అంకెలో ఫోటో నునుపు కూడా దాగి ఉంది.

ఇందులో కెమెరా వయసు ఎక్కడా రాలేదు చూశారా. సెన్సర్ల తయారీ మెరుగవలేదని కాదు. ఆ పాతతరం సెన్సర్లు పడిన ఫోటాన్లలో మూడో వంతు అటూ ఇటూ పట్టేవి, తర్వాతివి సగం అటూ ఇటూ పట్టుకుంటున్నాయి. ఆ మెరుగుదల ఒకటిన్నర రెట్లు. వైశాల్యం ఇచ్చేది 2.35 రెట్లు. పైగా నూటికి నూరు దాటి ఎవరూ పట్టలేరు. ఫ్రాన్స్‌లోని డీఎక్సో సంస్థ కెమెరా సెన్సర్లను కొలిచి, నాణ్యత ఒక గీత కిందికి దిగకుండా ఎంత ఐఎస్ఓ దాకా పోవచ్చో అంకె ఇస్తుంది. డీ7000కి 1167 వచ్చింది. డీ700కి 2303. ఇంకా చూడండి, 2016లో వచ్చిన డీ500, నికాన్ క్రాప్ కెమెరాల్లో పై శ్రేణిది, దానికి 1324. ఎనిమిదేళ్ల తర్వాత పుట్టినా చీకట్లో ఈ పాతదాన్ని అందుకోలేకపోయింది.

చాలామంది ఇక్కడ ఇంకో తప్పు కారణం చెబుతారు. డీ700లో పిక్సెళ్లు పెద్దవి కాబట్టి గ్రెయిన్స్ తక్కువ అంటారు. నిజమే, దాని పిక్సెల్ 8.45 మైక్రాన్లు, డీ7000ది 4.8. కారణం అదే అయితే 2017 నాటి డీ850 చీకట్లో చతికిలబడాలి. అది 45 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్, పిక్సెల్ 4.35 మైక్రాన్లు, డీ7000కంటే చిన్నది. దాని అంకె 2660. ఒకే చేనును ఎక్కువ మడులు చేసినా, తక్కువ మడులు చేసినా పడే వాన మారదు. ఫోటోను ఒకే సైజులో ప్రింటు వేసి పక్కపక్కన పెట్టి చూస్తే, గరుకును నిర్ణయించేది మొత్తం సెన్సర్ వైశాల్యమే.

నిజానికి అది కూడా పూర్తి నిజం కాదు, ఇంకో మెట్టు లోతుకు దిగాలి. వెలుతురును లోపలికి తెచ్చేది సెన్సర్ కాదు, లెన్సులోని రంధ్రం. క్రాప్ కెమెరా మీద 35 మి.మీ. లెన్సును ఎఫ్/1.8 దగ్గర పెడితే రంధ్రం 19.4 మి.మీ. దాదాపు అంతే దృశ్యం ఫుల్‌ఫ్రేమ్‌లో రావాలంటే 50 మి.మీ. లెన్సు కావాలి, ఎఫ్/1.8 దగ్గర దాని రంధ్రం 27.8 మి.మీ. రంధ్రం వైశాల్యం రెట్టింపైంది, వెలుతురూ రెట్టింపైంది. పెద్ద సెన్సర్ చేసిందల్లా అంత పెద్ద రంధ్రాన్ని మామూలు ధర లెన్సులో వాడుకోనివ్వడం. రంధ్రం పెద్దదైతే ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది. పెళ్లిలో మూడు వరసల్లో నిలబడ్డ చుట్టాలంతా స్పష్టంగా రావాలంటే ఫుల్‌ఫ్రేమ్‌లో ఎపర్చర్‌ను ఎఫ్/2.8కి మూయాలి. అప్పుడు రంధ్రం 17.9 మి.మీ. అయిపోతుంది. లాభమంతా పోయింది, గ్రెయిన్స్ మళ్లీ క్రాప్ కెమెరా మాదిరే. ఒక తప్పెటగుళ్ల కళాకారుడు గాల్లో ఉన్న క్షణాన్ని, వెనకున్నవాళ్లు మసకగా పోయినా ఫరవాలేదనుకుని తీసే ఫోటోకే ఫుల్‌ఫ్రేమ్ పనికొస్తుంది. ఎగిరే మనిషి ఆగడు కనక షట్టర్ సమయాన్ని పెంచి వెలుతురు తెచ్చుకునే దారి అక్కడ లేదు. అదే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చెక్కే గదిలోనో, పొందూరులో నూలు వడికే ఇంటి వసారాలోనో అయితే ట్రైపాడ్ పెట్టి, పక్కనున్న పనసచెక్కనో రాట్నాన్నో ఒక సెకను తీస్తే సరి. క్రాప్ కెమెరా చాలు.

పాత ఫుల్‌ఫ్రేమ్ వెనకబడే చోటు ఒకటుంది. పట్టపగలు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం నాడు, దసరా వెళ్లిన మంగళవారం, మధ్యాహ్నం పొద్దు వాలాక సిరిమాను చదురుగుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతుంది. మాను చివర కూర్చున్న పూజారి వెనక ధగధగలాడే ఆకాశం. ఆకాశం తెల్లబోకుండా తీస్తే ముఖం నల్లగా వస్తుంది. తర్వాత కంప్యూటర్లో నీడను పైకి లేపాలి. అక్కడ గింజల గరుకుతోపాటు, కెమెరా లోపలి సర్క్యూట్లు ఎలక్ట్రాన్లను చదివేటప్పుడు కలిపే చప్పుడు కూడా తేలుతుంది. డీ7000లోని సోనీ సెన్సర్ ప్రతి నిలువు వరసకూ చిప్పు మీదే అంకెలుగా మార్చే ఏర్పాటుతో ఆ చప్పుడును బాగా అణచింది. ఆ కాలపు కెనాన్ ఫుల్‌ఫ్రేమ్‌లలో సంకేతం చిప్పు దాటి వెళ్లాకే అంకెగా మారేది. నీడలు లేపితే చారలు కనిపించేవి. డీఎక్సో కొలతల్లో డైనమిక్ రేంజ్, అంటే వెలుగునూ నీడనూ ఒకే ఫోటోలో పట్టే సత్తా, డీ7000కి 13.9 స్టాపులు, డీ700కి 12.2, కెనాన్ 5డీ మార్క్ 2కి 11.9. సిరిమానుకు పాత క్రాప్ కెమెరానే భుజాన వేసుకోండి.

అందుకే డీ7000ను అమ్మొద్దని నా మాట. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలం చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టినప్పుడు దాని అవసరం మళ్లీ పడుతుంది. ఒకే 300 మి.మీ. లెన్సుతో తీస్తే, డీ7000 మొత్తం చట్రంలో పట్టే భాగం మీద డీ700కి మిగిలేవి 5 మెగాపిక్సెళ్లే. డీ7000కి 16. పక్షి కంటి చుట్టూ ఈకలు లెక్కపెట్టేది ఇదే.

కొనడం గురించి చెప్పమంటారు గనక చెబుతాను. క్రాప్ కెమెరాల కోసం చేసిన లెన్సులు ఫుల్‌ఫ్రేమ్‌ను కప్పవు. నికాన్‌లో అయితే ఆ లెన్సు తగిలించగానే కెమెరా తనంతట తాను మధ్య భాగానికి కుదించుకుంటుంది, మీరు కొన్న వైశాల్యం పోతుంది. కెనాన్‌లో అసలు బిగవనే బిగవదు. కాబట్టి బాడీ ధరతోపాటు కనీసం ఒక 50 మి.మీ. ఎఫ్/1.8 ధర కలుపుకోండి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. నికాన్ డీ700 షట్టర్‌ను లక్షా యాభై వేలసార్లకు పరీక్షించానని చెప్పింది. సముద్రపు తేమకు లెన్సుల్లో ఫంగస్ పట్టడం మన తీరంలో మామూలు, కనక టార్చి వేసి లోపల సాలెగూడులాంటి మరకలున్నాయేమో చూడండి. డీ700 వాడేది కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. అది కెమెరాతోపాటే ఇస్తారేమో, కార్డు చదివే రీడరు కూడా ఇస్తారేమో బేరం ముగిసేలోపు అడగండి. మామూలు ఎస్‌డీ కార్డు అందులో పట్టదు.