కంటికి కనపడని అతుకు

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తపరిచాడు. కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడు. మీరు చేసేదంతా నేను చూస్తూనే ఉన్నానని ఆ వెంటనే గుర్తు చేశాడు. దివ్య ఖుర్ఆన్ ‘సబా’ సూరా 10, 11 ఆయతుల్లో ఈ ప్రస్తావన ఉంది. ఆయన తన చేతి కష్టంతోనే తినేవారని బుఖారీ హదీసు గ్రంథం తెలుపుతోంది.

కవచంలో ఒక్క కడియం వదులైతే ప్రాణానికే ముప్పు. ఎలక్ట్రానిక్స్ పనిలో సోల్డరింగ్ కూడా అలాంటిదే. ఈ పని నేర్చుకోవాలనుకునే అబ్బాయిలు, అమ్మాయిలు మొదట అతుకు వేయడం, తర్వాత రిలే కలపడం నేర్చుకోవాలి.

మొదలుపెట్టడానికి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ, ఒక మల్టీమీటర్ చాలు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. ఐరన్ మొనను తడి స్పాంజితో తుడిచి, అతికించవలసిన రెండు భాగాలనూ కలిపి వేడి చేయాలి. సోల్డర్‌ను ఐరన్‌కు కాదు, వేడెక్కిన అతుకుకు తాకించాలి. రెండు మూడు సెకన్లు చాలు. గట్టిపడేదాకా కదపరాదు. సోల్డర్ నాలుగు పక్కలా పరుచుకుంటే మంచి అతుకు. ఉండకట్టి నిలిచిపోతే పట్టు లేనట్టే. 60/40 రకం సోల్డర్‌లో 40 పాళ్లు సీసమే. కనుక కిటికీ తెరిచి పని చేయాలి, చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి.

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్. స్టెబిలైజర్‌లో టక్కుమనే శబ్దం దానిదే. లోపలి కాయిల్‌లో కరెంటు పారితే అది అయస్కాంతమై ఇనుప రేకును లాగుతుంది. చిన్న రిలేకు సాధారణంగా అయిదు కాళ్లుంటాయి. రెండు కాయిల్‌వి, ఒకటి కామన్. ఎన్.సి. కాలు కరెంటు లేనప్పుడు కామన్‌తో కలిసి ఉంటుంది. ఎన్.ఓ. కాలు కరెంటు వచ్చాకే కలుస్తుంది. ట్రాన్సిస్టర్‌తో రిలేను నడిపేటప్పుడు కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్‌ను తిరగేసి కలపాలి. లేకుంటే కరెంటు ఆగిన క్షణంలో కాయిల్ నుంచి లేచే అధిక వోల్టేజీ ట్రాన్సిస్టర్‌ను కాల్చేస్తుంది. నేర్చుకునేవారు 12 వోల్టుల బ్యాటరీ, చిన్న బల్బుతోనే సాధన చేయాలి. ఇంటి 230 వోల్టుల కరెంటును గురువు పక్కన లేకుండా ముట్టరాదు.

చేయి తిరిగాక అసలు పరీక్ష మొదలవుతుంది. పట్టులేని అతుకు బరువు పడితే వేడెక్కి మాడుతుంది, నిప్పు కూడా పుట్టవచ్చు. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా అనేక రెట్లు కరెంటు లాగుతుంది. అక్కడ చాలీచాలని రిలే వేసి మూత బిగిస్తే కొన్నవారికి తెలియదు. ధాన్యపు రాశి అడుగున తడి గింజలు దాచిన వర్తకుణ్ణి చూసి, మోసగించేవాడు తనవాడు కాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అన్నారు. మూత కింద దాచిన చెడ్డ అతుకు ఆ తడి గింజ కాదా?

తల్లిదండ్రులారా! పిల్లలకు పనితో పాటు ఈ అమానతును కూడా నేర్పండి. హలాల్ సంపాదనకు పునాది అదే. అల్లాహ్ వారి చేతిపనిలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.