అన్‌ఫిట్ అన్న ఒక్క మాట

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి గుంటూరులో ఉన్న మా అమ్మది ఒకటే బెంగ. "అక్కడ మనవాణ్ని కూడా సైన్యంలోకి పట్టుకుపోతారట్రా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. మా అబ్బాయికి ఈ ఏడాది పద్దెనిమిది నిండుతాయి. చిన్నప్పటి నుంచీ ఆస్తమా.

ఇప్పుడైతే ఆస్ట్రేలియాలో నిర్బంధ సైనిక సేవ లేదు. 1972 డిసెంబరులో విట్లమ్ ప్రభుత్వం ఆపేసింది. చట్టంలో మాత్రం దారి ఉంది. 1903 నాటి రక్షణ చట్టం 59వ సెక్షన్ ప్రకారం యుద్ధం వస్తే 18 నిండి 60 దాటని వారిని పిలవొచ్చు. పౌరులనే కాదు, ఆర్నెల్లకు తక్కువ కాకుండా ఇక్కడ ఉండి, స్థిరపడిన ఇతరులను కూడా. అంటే పీఆర్ మీద ఉన్న మనవాళ్లూ లెక్కలోకి వస్తారు. అయితే పార్లమెంటు ఉభయ సభలూ ఒప్పుకుంటేనే ఆ పిలుపు అమల్లోకి వస్తుంది. మినహాయింపులూ అదే చట్టంలో ఉన్నాయి.

ఈ దేశానికి ఇది కొత్త కాదు. 1916లో ప్రధాని హ్యూస్ రెఫరెండానికి ముందే పెళ్లికాని యువకులను శిబిరాలకు పిలిచారు. ముందు వైద్య పరీక్ష. పాసైనవాళ్లు మినహాయింపు కావాలంటే మేజిస్ట్రేటు ముందు నిలబడి తమ ఇంటి పరిస్థితి చెప్పుకోవాలి. అక్టోబరు 28న జనం 'వద్దు' అని ఓటేశారు. 1917 డిసెంబరులోనూ అదే తీర్పు. ఆ రోజుల్లో స్వచ్ఛందంగా వెళ్లినా డాక్టర్లు తిప్పి పంపినవాళ్లకు ప్రభుత్వం ఒక బ్యాడ్జి ఇచ్చేది. అది లేకపోతే వీధిలో పిరికివాడనేవారు. రోగానికి కూడా సాక్ష్యం కావాల్సి వచ్చిందన్నమాట!

వియత్నాం యుద్ధకాలంలో ఇరవై ఏళ్ల కుర్రాళ్ల పుట్టినతేదీలతో లాటరీ తీశారు. మొదటిది 1965 మార్చి 10న. ఎనిమిది లక్షల మందికి పైగా పేర్లు నమోదు చేసుకుంటే 63,735 మంది సైన్యంలో పనిచేశారు. వారిలో 15 వేల మందికి పైగా వియత్నాం వెళ్లారు. మెల్‌బోర్న్‌లో మా వీధి పెద్దాయన తేదీ కూడా ఆ లాటరీలో వచ్చిందట. చెవిలో లోపం ఉందని డాక్టరు అన్‌ఫిట్ రాశాడు. ఆయనతో చదివిన కుర్రాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. "నా చెవి నన్ను బతికించింది. వాడి తల్లి ఎదురుపడితే మాత్రం తలెత్తలేకపోయాను" అన్నారాయన. ఆయన అబద్ధం ఆడలేదు, ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఆ బరువు మోస్తూనే ఉన్నారు.

ఆయన మాట విన్నాక మన ఇళ్ల సంగతే గుర్తొచ్చింది. మూర్ఛ ఉందంటే సంబంధాలు రావని దాస్తాం. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నా బంధువులకు చెప్పం. ఇండియా వెళ్లినప్పుడు చూపించుకుని, ఆ కాగితాలు అక్కడే పడేసి వస్తాం. రేపు ఏ అవసరానికైనా, సైన్యమే కానక్కర్లేదు, వీసాకైనా ఇన్సూరెన్సుకైనా, ఆధారం లేని జబ్బును ఎవరు నమ్ముతారు?

అందుకే మావాడి రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టి వాడి చేతికే ఇచ్చాను. ఆస్తమా ఉందని చెప్పుకోవడం నామోషీ కాదని కూడా చెప్పాను. యుద్ధం రాకూడదనే కోరుకుందాం. కానీ ఒంట్లో ఉన్న జబ్బును ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు మన పిల్లలకు ఇప్పుడే చేద్దాం.