క్రొత్తగా వచ్చినవారిని మనము ఏమి అడుగుచున్నాము?



కళాశాలలు తెరచినప్పుడెల్లా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములకు చుట్టుప్రక్కల పల్లెలనుండి, తండాలనుండి క్రొత్త విద్యార్థులు వస్తారు. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైన తరువాత దూర జిల్లాల బిడ్డలు కూడ వస్తున్నారు. హాస్టలులో మొదటి ఆదివారము వారికి ఎంత ఒంటరిగా ఉంటుందో ఆలోచించండి. అటువంటి బిడ్డ ఒకరు విద్యార్థుల ప్రార్థన కూడికకు వచ్చి తలుపు దగ్గర నిలిచినప్పుడు మనము ఏమి చేస్తున్నాము?

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము 26, 27 వచనములు చూడండి. సౌలు యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలియగోరినప్పుడు అందరు భయపడ్డారు. అతని గతము వారికి తెలుసు. అతడు మారాడని మాత్రము నమ్మలేకపోయారు. అప్పుడు బర్నబా అతనిని వెంటబెట్టుకొని అపొస్తలుల యొద్దకు వెళ్లి, అతని పక్షముగా మాట్లాడాడు. గమనించండి, సంఘమంతా ఒక్కసారే ముందుకు రాలేదు. ఒక్కడు ప్రక్కన నిలిచాడు. అంతటితో ఆగలేదు. 11వ అధ్యాయములో అదే బర్నబా తార్సు వరకు వెళ్లి సౌలును వెదకి, అంతియొకయకు తీసికొనివచ్చి, ఏడాది పొడుగునా అతనితో కలిసి సేవ చేశాడు. ప్రియులారా, చేర్చుకొనుట అంటే ఇదే.

మరి మన సంగతి? క్రొత్తవారిని చూడగానే మన నోట వచ్చే మాటలేమిటి? "ఇంటిపేరేమిటి? మీరు ఎవరు?" వినడానికి మర్యాదగానే ఉంటుంది. కాని అది కులము తెలిసికొనుటకేనని అడిగినవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులాంతర వివాహము చేసికొన్న ఒక యువకుని పట్టపగలే చంపిన సంగతి మన ప్రాంతము మరచిపోలేదు. ఆ విషము సంఘము గడప బయటే ఆగిపోయిందని అనుకోవద్దు. క్రీస్తు మనలను చేర్చుకొన్నప్పుడు ఇంటిపేరు అడుగలేదు. ఆయన చేర్చుకొన్నట్లే మనమును ఒకరినొకరము చేర్చుకోవాలని రోమా 15:7 బోధిస్తున్నది.

కాబట్టి, "నీ పేరేమిటి? గది దొరికిందా? భోజనము సరిపడుతుందా? ఏ సబ్జెక్టు కష్టముగా ఉంది?" అని అడగండి. తండా బిడ్డ యాసకు నవ్వకండి. మొదటి రోజే నిలువబెట్టి సాక్ష్యము చెప్పమనకండి. క్రైస్తవులు కాని విద్యార్థి వస్తే అతిథిగా గౌరవించండి; బలవంతము వద్దు, ఆశ చూపుట అసలే వద్దు. రెండవ వారము రాకపోతే ఫోను చేయండి. జ్వరమేమో, ఇంటి బెంగేమో, ఫీజు కట్టలేదేమో.

ఇది పాస్టరుగారి పని అనుకోకండి. మన దేశములో 1954లో ఆరంభమైన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా సేవలో విద్యార్థుల చొరవకే పెద్ద పీట. తోటి విద్యార్థిని పలుకరించగలవాడు విద్యార్థే. పట్టణ సంఘముల పెద్దలారా, మీరు కూడ ఆదివారము ఆరాధన తరువాత ఒక హాస్టలు బిడ్డను మీ ఇంట భోజనానికి పిలువండి. మీ కంచాలలోనే, మీ ప్రక్కనే కూర్చుండబెట్టి వడ్డించండి.

ఈ వారము మీ కూడికలో తలుపు దగ్గర ఎవరు నిలిచి ఉన్నారు? వారికి బర్నబా ఎవరు? మీరే కావచ్చును. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.