సాఫ్ట్‌వేర్‌కి సీలు వేసేదెవరు?

1986 మార్చి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, టైలర్ పట్టణం. క్యాన్సర్ ఆసుపత్రిలో ఓ రోగికి థెరాక్-25 అనే మెషీన్‌తో రేడియేషన్ ఇస్తున్నారు. ఆపరేటర్ 'ఇ' అక్షరం కొట్టాల్సిన చోట పొరపాటున 'ఎక్స్' కొట్టింది. వెంటనే చూసుకుని దిద్దింది. తీరా మొదలుపెడితే తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని పడి మెషీన్ ఆగిపోయింది. ఇలా ఆగడం ఆమెకి అలవాటే. మళ్లీ మీట నొక్కింది.

లోపల ఆ మనిషి వీపు మీద అప్పటికే షాకు కొట్టినట్టయి లేవబోతున్నాడు. రెండోది చేతికి తగిలింది. అందాల్సింది 180 రాడ్‌లు. అందింది పదహారు వేల పైచిలుకేనని తర్వాత లెక్క తేలింది. అయిదు నెలలకు ఆయన చనిపోయాడు. ఆమె చకచకా దిద్దేసిన ఆ కొద్ది సెకన్లలో మార్పుని ప్రోగ్రాం పూర్తిగా పట్టించుకోలేదు... అంతే!

1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆ మెషీన్‌తో ఇలాంటి ప్రమాదాలు ఆరు జరిగాయి. దాని సాఫ్ట్‌వేర్ రాసింది ఒకే ఒక్కడు. అతనేం చదివాడో, ఎంత అనుభవం ఉందో కోర్టు కేసు వేసిన లాయర్లకి కూడా తెలియలేదు. వైద్యం చేసే డాక్టరుకి లైసెన్సు ఉంది. మరి మెషీన్‌ని నడిపించే ప్రోగ్రాం రాసినవాడికో?

ఆ రాష్ట్రానికి ఇది కొత్త ప్రశ్నేం కాదు. టైలర్‌కి దగ్గర్లోనే న్యూ లండన్ అనే ఊరుంది. 1937 మార్చి 18న అక్కడి స్కూల్లో లీకైన గ్యాస్ పేలి దాదాపు 300 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే టెక్సాస్ ఇంజినీర్లకు లైసెన్సు చట్టం తెచ్చింది. అప్పట్నుంచీ జనం వాడే కట్టడాల ప్లాను మీద లైసెన్సున్న ఇంజినీరు సంతకం, సీలు ఉండాల్సిందే. తప్పు చేస్తే లైసెన్సు ఊడుతుంది.

1998లో అదే టెక్సాస్, అమెరికాలో అన్నిటికన్నా ముందుగా సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌ని లైసెన్సు ఇచ్చే శాఖల్లో చేర్చింది. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం ఒప్పుకోలేదు. రంగం ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడు ముద్ర వేస్తే జనానికి లేనిపోని భరోసా ఇచ్చినట్టవుతుందన్నది వాళ్ల వాదన. కొట్టిపారేయాల్సిన మాటేం కాదది.

పరీక్ష రావడానికి 2013 ఏప్రిల్ దాకా పట్టింది. ఎనిమిది గంటలు, 80 ప్రశ్నలు. అయిదుసార్లు పెడితే మొత్తం రాసినవాళ్లు... 81 మంది! 2019 ఏప్రిల్‌తో దాన్ని ఎత్తేశారు. రాయకపోవడానికి కారణాలు లేకపోలేదు. కంపెనీలో జీతానికి పనిచేసేవాళ్లకి చాలాచోట్ల లైసెన్సు అక్కర్లేదు. కావాలనుకున్నా ముందు ఇంకో పరీక్ష గట్టెక్కాలి. ఆపైన లైసెన్సున్న ఇంజినీరు దగ్గర నాలుగేళ్లు పనిచేసి ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో అలాంటివాళ్లని ఎక్కడని వెతుకుతారు!

మన దగ్గర సంగతి తెలిసిందే. బీటెక్ పట్టా చేతికొస్తే ఇంజినీరే. అమీర్‌పేట గోడల నిండా కనిపించే కోర్సుల తాలూకు సర్టిఫికెట్లు వేరు, లైసెన్సు వేరు. ఫలానా కంపెనీ సరకు వాడటం వచ్చని చెప్పేది మొదటిది. ఈ పని చేసే హక్కుంది, తప్పు జరిగితే జవాబు చెబుతాననేది రెండోది. కస్టమరుకి ఏం కావాలో కనుక్కుని పక్కాగా రాసిపెట్టే రిక్వైర్‌మెంట్స్ ఇంజినీర్లకీ ఐఆర్‌ఈబీ లాంటి సంస్థలు పరీక్షలు పెడుతున్నాయి. అవీ సర్టిఫికెట్లే. ఉద్యోగం వేటలో పనికొస్తాయి, కాదనలేం.

కెనడాలో గొడవంతా 'ఇంజినీర్' అన్న మాట దగ్గరే. లైసెన్సు లేనివాళ్లు అలా పిలుచుకోకూడదు. తన సర్టిఫికెట్ పేరులో ఆ మాట వాడినందుకు 2004లో క్యూబెక్ కోర్టు మైక్రోసాఫ్ట్‌కే జరిమానా వేసింది. అల్బెర్టాలో మాత్రం 2023లో కోర్టు ఉద్యోగుల పక్షాన నిలిచింది. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం చట్టాన్ని సవరించి, 'సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' అని చెప్పుకోవడానికి లైసెన్సు అక్కర్లేదంది. కెనడాలో వేరే రాష్ట్రాలకు వెళ్లే మనవాళ్లు మాత్రం విజిటింగ్ కార్డు అచ్చేయించుకునే ముందు అక్కడి రూలేంటో ఓసారి కనుక్కోవాల్సిందే.