మినహాయింపు కోరని విద్యార్థులు

విదేశములనుండి మరలివచ్చిన కుటుంబముల పిల్లలకు తెలుగుపాఠము భారమగుచున్నదనియు, దానినుండి మినహాయింపు నొసంగవలయుననియు పట్టణములందు తల్లిదండ్రులు కోరుచుందురు. తెలంగాణమున 2018 నాటి శాసనము పదవ తరగతివరకు తెలుగును విధిగా నేర్పవలెనని నిర్ణయించినది. నడుమ వచ్చి చేరిన బాలునియెడ కొంత సడలింపు చూపుట న్యాయమే. కాని యే మినహాయింపును కోరక, తెలుగునే నేర్చి, పిదప కళాశాలా ద్వారమున నిలిచిపోవు విద్యార్థులు భద్రాచలపు టడవులలో నున్నారు. వారిని గూర్చి పలుకువా రరుదు.

2005లో బస్తరునందు సల్వాజుడుం అలజడి చెలరేగగా, వేలకొలది గుత్తికోయలు సరిహద్దు దాటి ఖమ్మము, భద్రాచలము అడవులకు వలస వచ్చిరి. ఇంట కోయభాష, విడిచివచ్చిన బడిలో హిందీ, ఇచ్చటి బడిలో తెలుగు. ఇట్లు పరభాషలో అక్షరములు దిద్దుకొని ఇంటర్మీడియేటు ముగించిన బాలుడు తెగలకు కేటాయించిన స్థానమును కోరినచో, అతనికి ధ్రువపత్రము లభింపదు.

కారణ మేమి? షెడ్యూల్డు తెగల పట్టిక రాష్ట్రమునకొక విధముగ నుండును. తెలంగాణపు పట్టికలో గుట్టకోయల పేరు ఉన్నది. అయినను, ఒక రాష్ట్రపు తెగవాడు వేరొక రాష్ట్రమునకు పోయినచో ఆ హోదా వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము తెనాలిలో జన్మించి బొంబాయిలో వైద్యకళాశాలా ప్రవేశము కోరిన తెలుగు విద్యార్థిదే. ఇక ప్రవాస భారతీయులకో, ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో నూటికి 15 స్థానములవరకు ప్రత్యేకింపవచ్చునని అదే న్యాయస్థానము 2005లో అనుమతించెను. సముద్రము దాటినవానికి ద్వారము. అడవి దాటినవానికి గడియ!

మన గతమును మనము మరువరాదు. ఒకనాడు ఖమ్మము నైజాము రాజ్యము, భద్రాచలము మద్రాసు రాష్ట్రము; 1959లో గాని అవి యొక జిల్లా కాలేదు. 1938లో వందేమాతర గీతము పాడినందులకు ఉస్మానియానుండి వెడలగొట్టబడిన విద్యార్థులను నాగపురము విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. రాజ్యము వేరని త్రోసిపుచ్చలేదు.

తెగల పట్టికను సవరించు అధికారము పార్లమెంటుది. అంతవరకు చేతులు ముడుచుకొని యుండ నక్కరలేదు. ఇచ్చట చదివిన సంవత్సరములను గణించి వసతిగృహమున చోటును, విద్యార్థివేతనమును ఒసంగుట రాష్ట్రప్రభుత్వమునకు సాధ్యమే. ఈ బాలుర తల్లిదండ్రులు మన మిరపచేలలో కాయ కోయుచున్నారు. వారి శ్రమను స్వీకరించునపుడు మనము ఏ ధ్రువపత్రమును అడుగలేదు.