ఎలుకని ఎలా అడుగుతారు?

మోకాళ్లకి వావిలాకు నూనె రాసుకుంటుంటే మనవరాలు పక్కన చతికిలబడింది. "ఇది రాస్తే నిజంగా తగ్గుతుందా తాతయ్యా?"

"తగ్గినట్టే ఉంటుందమ్మా."

ఆ 'ఉంటుంది'లోనే ఉంది తిరకాసంతా. సరే, కబురొకటి చెప్తాను, విను.

మన చేలగట్ల మీద ఏనుగుపల్లేరు చూశావుగా? నువ్వుల మొక్క, అదీ ఒకే కుటుంబం. వాటికి ఆఫ్రికాలో ఓ చుట్టం ఉంది. నమీబియా, బోట్స్వానాల్లో కలహారి ఇసుక మీద పాకుతుంది. కాయ నిండా కొక్కేలే! పశువు కాలికి తగులుకుందంటే ఓ పట్టాన ఊడదు. ఇంగ్లీషులో 'డెవిల్స్ క్లా', అంటే దయ్యం గోరు అంటారు. మందు మాత్రం కాయలో లేదు, దుంపలో ఉంది. అక్కడి సాన్, ఖోయి జనం నొప్పులకీ జ్వరాలకీ తరతరాలుగా ఆ దుంపే వాడుతున్నారు.

"మరింకేం, పనిచేస్తుందన్నమాటేగా?"

అక్కడే ఆగు. మనిషైతే తగ్గిందో లేదో నోటితో చెప్తాడు, ఒక్కోసారి మొహమాటానికీ చెప్తాడు. ఎలుక చెప్పదు. అందుకని దాని పాదాన్ని అడుగుతారు. సముద్రపు ఎర్రనాచు నుంచి క్యారజీనన్ అనే జిగురు తీస్తారు. ఐస్‌క్రీముల్లోనూ వేస్తారులే, తింటే ఏం కాదు. అదే రవ్వంత పాదంలోకి సూదితో ఎక్కిస్తే మాత్రం గంటల్లో వాచిపోతుంది. కొన్ని ఎలుకలకి ముందే దుంప కషాయం, కొన్నిటికి ఉత్త నీళ్లు, కొన్నిటికి ఇండోమెథాసిన్ అనే పేరున్న వాపు మందు ఇస్తారు. ఆపైన గంటగంటకీ పాదం నీళ్లలో ముంచడమే. నిండు చెంబులో చెయ్యి పెడితే నీళ్లు పొర్లవూ? అలా పాదం ఎంత నీటిని తోసిందో అంత దాని లావు. ఏ ఎలుక ఏం తాగిందో కొలిచేవాడికి చెప్పకుండా ఉంటే మరీ మంచిది. తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుంది.

దయ్యం గోరు ఇక్కడ అందరినీ తికమక పెట్టింది. కొన్ని ప్రయోగాల్లో వాపు తగ్గింది, నోటితో పట్టించిన కొన్నిట్లో చలనమే లేదు. 1994లో అచ్చయిన ఓ పరిశోధనలో, కడుపు కుహరంలోకి సూదితో ఇస్తే పనిచేసిన కషాయం, ముందు ఆమ్లంలో ఉంచి ఇచ్చేసరికి నీరుగారిపోయింది. అంటే జీర్ణాశయంలోని ఆమ్లమే మందుని మింగేస్తోందేమోనని అనుమానం. ఎంత తమాషా చూడు, మందుకి ముందు మన పొట్టతోనే పోరాటం!

మనుషుల మీదా చూశారు. 2003లో వచ్చిన ఓ పరీక్షలో నడుంనొప్పి ఉన్న 88 మందిలో సగం మందికి దయ్యం గోరు, సగం మందికి వయాక్స్ అనే నొప్పి మాత్ర ఆరు వారాలిచ్చారు. రెండూ ఇంచుమించు ఒకేలా తేలాయి. కానీ మంది తక్కువ, పైగా ఉత్తుత్తి మాత్రలు మాత్రమే మింగినవాళ్లెవరూ లేరు. తీర్పు చెప్పడానికి అది చాలదు. ఇంతా చేస్తే, ఆ వయాక్సే గుండెకి ముప్పు తెస్తోందని మరుసటి ఏడు బజారులోంచి తప్పుకుంది.

మనవరాలు లేచింది. "రెండు సీసాలు తెస్తా తాతయ్యా. మోకాలికొకటి. ఏ సీసాలో వావిలాకు నూనె ఉందో నీకు చెప్పను."

"వాసన పట్టేస్తానే!"

"అయితే ముక్కు మూసుకో."